ఆ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరు

పదకొండు నిమిషాలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూనే ఉన్నాను. ఫోన్లో అవతల ఒక కుర్రాడు. గొంతుని బట్టి పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. వాళ్ళ నాన్న ఛాతీ మధ్య రెండు చేతులూ పెట్టి నొక్కుతున్నాడు. "గట్టిగా నొక్కు నాన్నా, ఎముక విరిగినా ఫరవాలేదు, ఆపకు" అంటున్నాను. "మేడమ్, చేతులు పీకేస్తున్నాయి" అంటాడు. "తెలుసు నాన్నా, ఆపకు, వచ్చేస్తున్నారు. ఒకటి, రెండు..." తలుపు దబదబా కొట్టిన చప్పుడు. బూట్ల చప్పుడు. "జరుగు బాబూ, మేం చూస్తాం" అని ఇంకో గొంతు. ఫోను కింద పెట్టినట్టున్నాడు, రెండు క్షణాలు ఆ గది రొద వినిపించింది. తర్వాత లైను తెగిపోయింది.

నాలుగు సెకన్లకి ఇంకో కాల్. రాత్రి పదకొండు దాటినా పక్కింటివాళ్ళు పాటలు ఆపట్లేదని ఒక పెద్దాయన ఫిర్యాదు. "చెప్పండి సార్" అన్నాను.

ఆ కుర్రాడి నాన్న బతికాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. (వాళ్ళ నాన్న కోసం నొక్కుతున్న పిల్లాణ్ణి పట్టుకుని 'నాన్నా' అని పిలిచానని చాలా రోజుల తర్వాత ఎప్పుడో తట్టింది. అప్పుడు మళ్ళీ ఒక వారం నిద్ర లేదు.) గుండె ఆగినప్పుడు ఇలా చేసే సీపీఆర్‌లో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ఆ వేగం నా ఒంట్లో ఉండిపోయింది. గిన్నెలు తోముతూ, మెట్లెక్కుతూ, ఊరికే కూర్చుని కాలు ఆడిస్తూ కూడా అదే వేగంలో లెక్కపెడుతుంటాను.

ఎనిమిదేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నాను. అత్యవసర ఫోన్లు ఎత్తే పని. మానేసి మూడేళ్ళయింది. ఈ మధ్య అత్యవసర సేవల్లో పనిచేసేవాళ్ళ మానసిక ఆరోగ్యం గురించి మాటలు బాగానే వినిపిస్తున్నాయి, సంతోషం. కానీ వాటిలో రెండు విషయాలు నాకు మింగుడుపడవు. ఒకటి, ఆ మాటలన్నీ సైరన్ వేసుకుని వెళ్ళేవాళ్ళ దగ్గరే ఆగిపోతాయి. రెండోది, ఎంత తిరిగినా చివరికి "బాధ దాచుకోకండి, నోరు తెరిచి చెప్పుకోండి" దగ్గరికే వచ్చి చేరతాయి. చెప్పుకోవడం తప్పని నేను అనను. దెబ్బ తిన్న మనిషే లేచి వచ్చి, తనకి దెబ్బ తగిలిందని తనే చెప్పుకుని, సాయం తనే అడుక్కోవాలనడం మాత్రం తప్పు. మా పనిలో నన్ను తినేసినవి ముఖ్యంగా రెండు. ఆ తర్వాత ఏమైందో తెలియకపోవడం, తెలుసుకునేలోపు ఇంకో కాల్ మోగడం. ఈ రెంటికీ మందు డ్యూటీ చార్టులో ఉంది. అది ఇన్‌ఛార్జ్ బల్ల మీద ఉంటుంది.

అసలీ కుర్చీ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబితే నా కోపం కొంత అర్థమవుతుంది. 1935 నవంబరులో లండన్‌లోని వింపోల్ స్ట్రీట్‌లో ఒక ఇల్లు అంటుకుంది. ఇరుగుపొరుగాయన ఒకరు ఫైర్ స్టేషనుకి ఫోన్ చెయ్యబోతే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌వాళ్ళు మామూలు కాల్స్‌తో పాటు ఆయన్నీ వరసలో నిలబెట్టేశారు. ఐదుగురు ఆడవాళ్ళు చనిపోయారు. ఆయన కడుపు మండి పత్రికకి ఉత్తరం రాశాడు. ఆ గొడవలోంచి పుట్టిందే 1937 జూన్ 30న మొదలైన అత్యవసర నంబరు 999. ఆ నంబరు తిప్పగానే ఎక్స్ఛేంజ్‌లో బజర్ మోగి ఎర్రదీపం వెలిగేది. అమెరికాలో అలాంటి నంబరే అయిన 911కి మొదటి కాల్ 1968 ఫిబ్రవరిలో, అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్ళో మోగింది. అంటే పుట్టుకలోనే ఈ పనికి ఒకటే కొలత: ఎంత తొందరగా ఎత్తావు?

ఆ కొలత ఇప్పటికీ అదే. అమెరికాలో ఈ రంగానికి ప్రమాణాలు రాసే జాతీయ సంఘం 2020లో పెట్టిన లెక్క ప్రకారం వచ్చే కాల్స్‌లో 90 శాతం 15 సెకన్లలోపు, 95 శాతం 20 సెకన్లలోపు ఎత్తాలి. మంచిదే. వింపోల్ స్ట్రీట్‌లో పోయిన ప్రాణాల్ని గుర్తుపెట్టుకున్నవాళ్ళెవరూ దాన్ని కాదనరు. మా గదిలో కూడా గోడ మీద పెద్ద తెర ఉండేది. ఎన్ని కాల్స్ లైన్లో ఉన్నాయి, ఎన్ని సెకన్లు ఆగాయి, ఎవరు ఖాళీ, ఎవరు బిజీ, అన్నీ రంగుల్లో కనపడేవి. పసిపిల్ల ఊపిరి ఆగిన కాల్ పెట్టేసిన మనిషి కూడా ఆ తెర మీద ఆకుపచ్చగానే కనపడుతుంది. ఖాళీ అన్నమాట.

అదే అమెరికాలో, వృత్తుల్ని వర్గాలుగా విడగొట్టే ప్రభుత్వ జాబితా ఒకటుంది. 2018లో దాన్ని సవరించినప్పుడు పోలీసులు, ఫైర్‌ఫైటర్లు ఉన్న వర్గంలో తమనీ చేర్చమని మాలాగా ఫోన్లు ఎత్తే కాల్ టేకర్లు అడిగారు. కుదరదన్నారు. ఆఫీసు, పరిపాలనా సహాయక వర్గంలోనే ఉంచేశారు. అంటే గుమాస్తాలు. గుమాస్తా పనిని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. కాకపోతే గుమాస్తాకి ఫోన్లో మనిషి చావడు.

"నువ్వేం కళ్ళతో చూశావా?" ఈ మాట నాతో చాలామంది అన్నారు. అన్నవాళ్ళలో అంబులెన్స్ క్రూ కుర్రాళ్ళూ ఉన్నారు, వాళ్ళనేం తప్పుపట్టను, చూసినవాళ్ళకి చూసిందే పెద్దది. అయితే వినడంలో ఒక చిక్కుంది. చూసినవాడికి ఒక గది కనపడుతుంది. దానికి నాలుగు గోడలుంటాయి. విన్నవాడు ఆ గదిని తనే కట్టుకోవాలి, అందుకు తనకి తెలిసిన సామానే వాడుకుంటాడు. ఫోన్లో ఒక తల్లి అరుస్తున్నప్పుడు నా బుర్రలో కట్టుకున్న ఇల్లు మా ఇల్లే. కింద పడి ఉన్న పిల్ల వేసుకున్న గౌను మా అమ్మాయిదే. ఇది నేనొక్కదాన్నే కాదు, మాలో చాలామంది చెప్పేవాళ్ళు.

వైద్యశాస్త్రం దీన్ని ఒప్పుకోవడానికి కొంత కాలం పట్టింది. ఘోరం జరిగాక మనిషిని వదలకుండా వెంటాడే మానసిక గాయానికి పీటీఎస్‌డీ అన్న పేరు అమెరికన్ సైకియాట్రీ జాబితాలోకి 1980లో ఎక్కింది. 2013లో వచ్చిన ఐదో కూర్పులో మాత్రమే, ఉద్యోగరీత్యా ఘోరమైన సంఘటనల వివరాలకి పదేపదే గురికావడం కూడా ఆ జబ్బుకి కారణం కావచ్చని విడిగా రాశారు. అదే వాక్యం కింద ఇంకో షరతు: టీవీలోనో సినిమాలోనో చూస్తే లెక్కలోకి రాదు, పనిలో భాగమైతేనే వస్తుంది. ఆ కూర్పు రావడానికి ఏడాది ముందే, 2012లో, అమెరికాలోని 24 రాష్ట్రాలకి చెందిన 171 మంది కాల్ టేకర్ల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. మీరు ఎత్తిన కాల్స్ అన్నిట్లోకీ దారుణమైనది ఏదని అడిగితే మిగతా వాటికంటే ఎక్కువమంది చెప్పింది పిల్లలకి జరిగిన ప్రమాదం, పిల్లల చావు. చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ఎవరో వచ్చి అడిగారు కదా అని మాత్రం అనిపించింది.

సైరన్ వేసుకుని వెళ్ళేవాళ్ళ గురించి లెక్కలు ఇంతకంటే ఎక్కువ దొరుకుతాయి. అదే 2012లో ప్రపంచవ్యాప్తంగా 28 అధ్యయనాల్ని, ఇరవై వేలకి పైగా సహాయక సిబ్బందిని కలిపి చూస్తే దాదాపు 10 శాతం మందిలో పీటీఎస్‌డీ కనిపించింది. అందులోనూ అంబులెన్స్‌వాళ్ళలో మిగతావాళ్ళకంటే ఎక్కువ. 2018లో ఆస్ట్రేలియాలో ఇరవై ఒక్క వేల మంది పోలీసు, అత్యవసర సిబ్బందిని అడిగిన సర్వేలోనూ దాదాపు అదే 10 శాతం, అక్కడి మామూలు జనంలో 4 శాతం. పది మందిలో ఒకరు. మా గదిలో ఒక షిఫ్టుకి ఇరవై కుర్చీలు. నేను ఎప్పుడూ ఆ లెక్క వేసుకోలేదు, ఇప్పుడు రాస్తుంటే వేసుకున్నాను.

ఇక చెప్పుకోవడం సంగతి.

మాకు ఒక పెద్ద దుర్ఘటన జరిగింది. ఏదో, ఎక్కడో చెప్పను. ఒకే గంటలో వందల కాల్స్. రెండు రోజుల తర్వాత మమ్మల్నందర్నీ ఒక గదిలో గుండ్రంగా కూర్చోబెట్టారు. బయటినుంచి ఒకాయన వచ్చాడు, మంచివాడే. ఒక్కొక్కరూ ఏం విన్నారో, ఏ క్షణం అన్నిటికంటే కష్టంగా ఉందో, ఒంట్లో ఏమనిపించిందో వరసగా చెప్పమన్నాడు. రానంటే కుదరదు, హాజరు వేస్తారు. నా పక్కమ్మాయి చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు నాకు వచ్చిన కాల్స్ నావి నాకున్నాయి. గదిలోంచి బయటికొచ్చేటప్పటికి పద్దెనిమిది మందివి నా దగ్గరున్నాయి. వాటిలో ఒకటి, ఆ అమ్మాయి చెప్పినది, ఇప్పటికీ నాదే అన్నట్టు కలలోకి వస్తుంది.

ఆ పద్ధతికి ఒక చరిత్ర ఉందని చాలా కాలానికి తెలిసింది. 1983లో జెఫ్రీ మిచెల్ అనే ఆయన దీన్ని రాసిపెట్టాడు. డీబ్రీఫింగ్ అంటారు. ఆయన స్వయంగా ఫైర్‌ఫైటర్‌గా, పారామెడిక్‌గా పనిచేసినవాడు, తనలాంటివాళ్ళ కోసం చేశాడు, ఉద్దేశాన్ని శంకించక్కర్లేదు. ప్రపంచమంతా పాకింది. 2002లో, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసింది. సంఘటన జరిగిన వెంటనే ఒకేఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ ఆగుతుందనడానికి ఆధారం లేదు, కొందరికి కీడు కూడా చేసినట్టుంది, బలవంతంగా చేయించడం మానెయ్యాలి అని తేల్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ 2005లో మామూలుగా ఇది చెయ్యొద్దంది. నిజం చెప్పాలంటే ఆ పరీక్షల్లో ఎక్కువభాగం ప్రమాదాల్లో దెబ్బ తిన్న బాధితుల్ని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి చేసినవి. మేం సిబ్బందికోసం, గుంపుగా చేసేది వేరు అని ఆ పద్ధతిని నమ్మేవాళ్ళు వాదిస్తారు. ఆ వాదనలో కొంత బలం ఉందనే అనుకుంటాను. కానీ హాజరు వేసి ఏడిపించడానికి మాత్రం ఏ వాదనా చాలదు.

దానికి బదులు ఏం చెయ్యొచ్చో తెలియక కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్స అని ఒక చిన్న పుస్తకం వేసింది. దాని సారం మూడు మాటలు: చూడు, విను, కలుపు. చెప్పమని వేధించకు, చెబితే విను, కావాల్సినవాళ్ళతో కలుపు. బ్రిటన్ నౌకాదళ సైనికులైన రాయల్ మెరీన్ల దగ్గర పుట్టిన ట్రిమ్ అనే పద్ధతి ఇంకొంచెం ముందుకు వెళుతుంది. సాటి ఉద్యోగుల్లోనే కొందరికి శిక్షణ ఇస్తారు. సంఘటన జరిగిన మూడు రోజులకి ఒకసారి, నెలకి ఇంకోసారి, ఆ సాటి మనిషే వచ్చి పలకరిస్తాడు. నిద్ర ఎలా ఉంది, మందు తాగడం పెరిగిందా, చిరాకు ఎలా ఉంది. అది వైద్యం కాదు, ఎవరికి వైద్యం కావాలో కనిపెట్టడం. నెల ఆగడంలో ఒక తెలివి ఉంది. మొదటి వారాల్లో కలలు, ఉలికిపాటు చాలామందికి ఉంటాయి, చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. నెల దాటినా తగ్గకపోతే అప్పుడు నిజమైన వైద్యం కావాలి, ఆ వైద్యం ఉంది, చాలామందికి పనిచేస్తుంది కూడా. గాయం మీద దృష్టి పెట్టి, ఆలోచనల తీరు మార్చేలా మాటలతో చేసే సీబీటీ, కళ్ళ కదలికలతో చేసే ఈఎండీఆర్. నేను రెండో దాని దగ్గరికి వెళ్ళాను. మొదటి రోజు ఇదేం మంత్రాల వైద్యం అనుకున్నాను. ఇప్పుడలా అనుకోవట్లేదు, అంతవరకే చెబుతాను.

ఇందులో గమనించాల్సింది ఒకటే. ట్రిమ్‌లో నెల తర్వాత వచ్చేది వాళ్ళు. మనం వెళ్ళక్కర్లేదు.

మాకు ఉన్నది మాత్రం ఒక హెల్ప్‌లైన్ నంబరు, గోడమీద ఒక పోస్టరు. ఎనిమిది గంటలు ఫోన్లు ఎత్తినవాళ్ళని డ్యూటీ దిగి ఇంకో ఫోన్ చెయ్యమన్నవాడికి కనీసం నవ్వు రాలేదా అని నా అనుమానం. ఒకసారి 'ఒత్తిడిని జయించడం ఎలా' అని తరగతి పెట్టారు. ఉదయం పదింటికి. రాత్రి డ్యూటీ చేసి ఆరింటికి దిగినవాళ్ళు కూడా రావాలి. మేం కుర్చీల్లో కూర్చుని నిద్రపోయాం. ఒత్తిడిని ఆ రెండు గంటలూ జయించామనే చెప్పాలి.

తరగతికి వచ్చినాయన మనోబలం గురించి చెప్పాడు. నాకు ఆ మాట మీద కక్ష ఏమీ లేదు, కానీ అది వినగానే గుర్తొచ్చేది బళ్ళు ఖాళీ లేని రాత్రులు. ఊళ్ళో ఉన్న అంబులెన్సులన్నీ బయటే ఉన్నాయని నాకు తెర మీద కనపడుతుంటుంది. అవతల ఆవిడ "బయల్దేరిందా అమ్మా?" అని అడుగుతుంది. నేను "పంపిస్తున్నామమ్మా, లైన్లోనే ఉండండి" అనాలి. అబద్ధం కాదు, పంపిస్తాం, ఎప్పుడో. ఐదు నిమిషాలకి మళ్ళీ అడుగుతుంది. పది నిమిషాలకి అడగడం మానేస్తుంది. ఆ మానేసిన తర్వాతి నిశ్శబ్దం ఉంది చూశారూ, అది భయం వల్ల వచ్చే గాయం కాదు. నేను చెయ్యాల్సింది నాకు తెలుసు, చెయ్యడానికి చేతిలో ఏమీ లేదు, పైగా గొంతు మాత్రం నాది. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికులకి వైద్యం చేసిన జోనథన్ షే అనే సైకియాట్రిస్ట్ ఇలాంటిదాన్ని నైతిక గాయం అన్నాడు. చెయ్యాల్సినదానికి పైవాళ్ళే ద్రోహం చేసినప్పుడు తగిలే దెబ్బ. దానికి మనోబలం తరగతి ఏం చేస్తుంది? దానికి కావాల్సింది ఇంకో రెండు బళ్ళు.

ఇంట్లో సంగతి కొంచెం చెప్పాలి. మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు మెట్ల మీంచి పడి నుదురు చిట్లింది. నెత్తురు బాగా కారింది. మా ఆయన పిల్లని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. నేను లేచి నిలబడి, "స్పృహలో ఉందా? ఊపిరి మామూలుగా తీసుకుంటోందా? వాంతి చేసుకుందా?" అని అడిగాను. డ్యూటీ గొంతుతో. ఏ వణుకూ లేకుండా. మా ఆయన నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది. మా అత్తయ్య అయితే పైకే అనేసింది, "దీని మనసు రాయైపోయిందిరా" అని. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. రాయిని చేసుకోకపోతే ఆ కుర్చీలో వారం కూర్చోలేం, మళ్ళీ మట్టిని చేసుకునే విద్య ఎవరూ నేర్పరు. నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. నేను ఏడ్చింది ఆ తర్వాత పదిహేను రోజులకి, కరెంటు బిల్లు కనపడలేదని.

అందరూ నాలాగే అయ్యారని చెప్పను. నాకంటే ఎక్కువేళ్ళు చేసి, చక్కగా నిద్రపోయేవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకాయన గురించి చెప్పకుండా ఇది పూర్తికాదు. మాకు సీనియర్, మేమంతా అన్నా అనే పిలిచేవాళ్ళం. మోటు మనిషి, మా గదిలో చెప్పుకునే పాడు జోకులన్నిటికీ మూలపురుషుడు. (ఆ జోకుల గురించి బయటివాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. ఆ నవ్వు లేకపోతే మాలో సగంమంది మొదటి ఏడాదే లేచిపోయేవాళ్ళం.)

ఒక తెల్లవారుజామున ఒక కాల్ వచ్చింది. వివరాలు రాయను, చంటిపిల్ల అని మాత్రం చెబుతాను. విన్నది ఇంకొకరికి అంటుకుంటుందని ఇందాకే చెప్పాను కదా. క్రూ వెళ్ళింది, లైను తెగింది. నేను తెర వంక చూస్తున్నాను, తెర మీద నేను ఆకుపచ్చగా ఉన్నాను. కొత్తవాళ్ళకి నేర్పేటప్పుడు వాడటానికి మా బల్లకి రెండో హెడ్‌సెట్ తగిలించే చోటు ఉంటుంది. అన్న వచ్చి తన హెడ్‌సెట్ అందులో గుచ్చాడు. మోగుతున్న కాల్ తనే ఎత్తాడు. "చెప్పండమ్మా" అంటూ అటు మాట్లాడుతూనే ఎడం చేత్తో నా భుజం తట్టి తలుపు వైపు చూపించాడు. ఎలా ఉన్నావని అడగలేదు. వెళతావా అని కూడా అడగలేదు. అడిగితే అక్కర్లేదన్నా అనేదాన్ని. నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

బయట మెట్ల మీద కూర్చున్నాను. ఇరవై నిమిషాలకి వచ్చాడు. ఈలోపు క్రూకి ఫోన్ చేశాడట. "దారిలోనే పోయిందట తల్లీ" అన్నాడు. "నువ్వు చెప్పినవన్నీ ఆవిడ వరసగా చేసిందట. వీళ్ళు వెళ్ళేసరికి కూడా చేస్తూనే ఉందట. నీకు చెప్పమన్నారు."

అప్పుడు ఏడ్చాను. ఇంటికెళ్ళి పడుకున్నాను, నిద్ర పట్టింది. ఆ పిల్ల నాకు గుర్తొస్తుంది, కానీ గుర్తొచ్చి వెళ్ళిపోతుంది. ఆ కుర్రాడి నాన్న అలా కాదు. ఆయన ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు, కుర్రాడు ఇంకా నొక్కుతున్నాడు, నేను ఇంకా లెక్కపెడుతున్నాను. చచ్చిపోయిందని తెలిసిన పిల్ల నన్ను వదిలింది, ఏమయ్యాడో తెలియని మనిషి వదల్లేదు. ఇది నా ఒక్కదాని అనుభవం, అందరికీ ఇంతేనని శాస్త్రం చెప్పినట్టు చెప్పను. తెలియకపోవడమే నయం అనేవాళ్ళూ మాలో ఉన్నారు. వాళ్ళకి చెప్పొద్దు. ముందే అడిగి పెట్టుకోండి: ఎవరికి కావాలి, ఎవరికి వద్దు. అంతే కదా.

ఈ మాట పైవాళ్ళ దగ్గర ఎత్తితే వచ్చే మొదటి జవాబు గోప్యత. రోగి వివరాలు బయటికి చెప్పకూడదు. నిజమే. నేను పేరు అడిగానా? జబ్బు అడిగానా? ఫలానా టైముకి వచ్చిన కాల్, మనిషి ఆస్పత్రికి ఊపిరితో చేరాడా లేదా. ఒక్క ముక్క. ఆ మనిషి చిరునామా, వయసు, మందులు, ఆఖరికి కుక్క కరుస్తుందా లేదా అన్నది కూడా అడిగి రాసుకున్నది నేనే. ఆ తర్వాతి ఒక్క ముక్క నాకు చెబితే గోప్యత పోతుందా?

రెండో జవాబు, మనుషులు చాలరు. భారీ కాల్ తర్వాత పావుగంట పక్కకి పంపిస్తే ఫోన్లు ఎవరు ఎత్తుతారు? ఈ ప్రశ్నకి మాత్రం నా దగ్గర తేలికైన జవాబు లేదు. అన్న నా కాల్ ఎత్తినప్పుడు ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, ఎవరో ఒకరు ఎక్కడో ఎక్కువసేపు ఆగి ఉంటారు. వింపోల్ స్ట్రీట్ నాకు గుర్తుంది. కాబట్టి ఇది దయాదాక్షిణ్యాల మీద నడవాల్సిన సంగతి కాదు, లెక్కలో ముందే వెయ్యాల్సిన మనుషుల సంగతి. 15 సెకన్లలో ఎత్తాలని రాయగలిగినవాళ్ళు, చావు విన్న తర్వాత 15 నిమిషాలు ఎత్తకూడదని కూడా రాయగలరు. ఆ రంగుల తెర మీద ఆకుపచ్చా ఎరుపూ కాకుండా ఇంకో రంగుకి చోటు ఉంది.

మూడోది ఎవరూ పైకి అనరు. సాయం అడిగినవాడి ఫైలు మీద ముద్ర పడుతుంది. పోలీసుకి తుపాకీ తీసేసుకుంటారని భయం, డ్రైవరుకి బండి ఇవ్వరని, మాకు హెడ్‌సెట్ ఇవ్వరని. కెనడాలోని ఒంటారియోలో 2016లో ఒక చట్టం చేశారు. ఫైర్‌ఫైటరుకో పారామెడిక్‌కో పోలీసుకో పీటీఎస్‌డీ అని సైకియాట్రిస్టో సైకాలజిస్టో తేలిస్తే, అది ఉద్యోగం వల్లే వచ్చిందని ముందుగానే అనుకోవాలి. కాదని ఎవరైనా అంటే వాళ్ళే రుజువు చెయ్యాలి. ఆ జాబితాలో కాల్స్ ఎత్తి బళ్ళు పంపేవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికాలో 2022లో చేసిన చట్టంతో, ఉద్యోగంలో తిన్న ఇలాంటి దెబ్బ వల్ల ప్రాణం తీసుకున్న అధికారుల కుటుంబాలకి కూడా విధి నిర్వహణలో పోయినవాళ్ళకి ఇచ్చే సాయం అందే దారి ఏర్పడింది. అంతకు ఐదేళ్ళ ముందు, 2017లో, అక్కడ మంటల్లోనో మరో డ్యూటీలోనో చనిపోయిన ఫైర్‌ఫైటర్లు 93 మంది. తమ ప్రాణం తాము తీసుకున్నట్టు లెక్కకి అందినవాళ్ళు 103 మంది. ఈ చట్టాల్లో నాకు నచ్చింది డబ్బు కాదు. రుజువు చేసుకోవాల్సింది ఎవరు అన్న ప్రశ్నకి జవాబు మారింది.

నేను మానేసేటప్పుడు కారణం అన్నచోట 'వ్యక్తిగతం' అని రాశాను. ఇంకేం రాయాలో తెలియలేదు. ఆ కాగితంలో అందుకు వేరే గడి కూడా లేదు.

పోయినేడాది పాత స్నేహితురాల్ని కలవడానికి ఆ గది దాకా వెళ్ళాను. లోపలికి రానివ్వరు, అద్దం బయటే నిలబడ్డాను. అన్న రిటైరయ్యాడు. తెర అదే, రంగులు అవే. ఆమె బయటికొచ్చి ఒక మాట చెప్పింది. అన్న వెళ్ళే ముందు క్రూవాళ్ళతో మాట్లాడి ఒక నోటుబుక్కు పెట్టించాడట. షిఫ్టు దిగేటప్పుడు వాళ్ళు ఫోన్ చేసి టైము, ఒక్క ముక్క చెబుతారు, ఎవరో ఒకరు రాస్తారు. కావాల్సినవాళ్ళు తెరిచి చూసుకుంటారు. రెండు నెలలకి పైనుంచి ఎవరో వచ్చి ఇది రికార్డుల్లో లేని పుస్తకం, తీసెయ్యమన్నారట.

"తీసేశారా?" అన్నాను.

"బల్ల మీంచి తీసేశాం" అంది. "సొరుగులో ఉంది."

ఫోటో తీసి చూపించమంటే తల అడ్డంగా ఊపింది. ఆఖరి పేజీలో ఆ ఉదయం రాసినది మాత్రం నోటితో చెప్పింది. 3:12 కాల్, మగమనిషి, ఊపిరి ఆడటం లేదన్నారు. తనే నడిచొచ్చి బండెక్కాడు. ఎందుకింత ఆలస్యమని తిట్టాడు.